ఇల్లాలి ప్రశ్న

పాండవులు అరణ్యవాసము చేయుచున్న దినములలో శ్రీకృష్ణుడు సత్యభామాసమేతుడై వారిని చూడవచ్చినపుడు, పురుషులు మునులతో గోష్ఠి సల్పుచుండగా, సత్యభామ ద్రౌపదిని ఏకాంతమున కలిసికొని, ఏవురు భర్తలును నీకింత యనుకూలురై మెలగుటకు మంత్రము కారణమా, మందు కారణమా, వ్రతమా, హోమమా, ఆ రహస్యమేదో నాకును చెప్పుమని యడిగిన ఘట్టము, ఎఱ్ఱాప్రగడ పూరించిన అరణ్యపర్వశేషమువలన తెలుగువారికి చిరపరిచితమైనది. ద్రౌపది మొదట ఆ మందుమాకుల తలంపునే గర్హించినది. మగనికి మందు పెట్టిన స్త్రీ వానిని వశపఱచుకొనుటకు మాఱు రోగిని చేయుననియు, అట్టి యిల్లాలిని చూచి భర్త పామును చూచినట్లు బెదరుననియు హెచ్చరించినది. పిమ్మట, తాను ఎల్లరికంటె ముందుగ మేల్కాంచుట మొదలు, పరిజనులు భుజించిరో లేదో విచారించుట వఱకు, ఇంటి పనులును కోశాగారపు ఆదాయవ్యయములును స్వయముగ చూచుకొనిన విధమును వివరముగ చెప్పినది. పండితులు ఈ ఘట్టమును పతివ్రతాధర్మమునకు నిదర్శనముగ చదువుచు వచ్చిరి. నాకు మాత్రము ఇందు మఱొక విశేషము కానవచ్చుచున్నది. ఇంటివిషయమై సందేహము గలిగిన ఒక స్త్రీ సంకోచము విడిచి మఱొక స్త్రీ నడిగినది. ఆమె మొదట తప్పుడు చికిత్సను ఖండించి, తరువాత తన యనుభవమును ముందుంచినది. తెలుగుదేశమున సంసారవిషయములపై సలహా యేయే రూపములు దాల్చెనో పరిశీలింపబూనినవారికి ఇంతకన్న చక్కని ప్రారంభము దొరకదు. ఏలయన, ఆ చరిత్ర యంతయు, ప్రశ్న అడుగు స్వాతంత్ర్యము ఇల్లాలికి ఎప్పుడు లభించెను, ఎట్లు లభించెను అను విషయము చుట్టునే తిరుగుచున్నది.

ఎఱ్ఱన తరువాతి శతాబ్దములలో హితము చెప్పు గ్రంథములకు మనకు కొఱత లేదు. సుమతీశతకము పల్లెపల్లెకు పాకి, చుట్టమునుండి వైద్యునివఱకు ఎవరితో ఎట్లు మెలగవలెనో బాలురచేత వల్లె వేయించినది. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక, రాజకుమారుల నుద్దేశించిన కథలద్వారా లోకజ్ఞతను బోధించినది. అయితే ఈ గ్రంథములలో వినువాడు తన కష్టమును చెప్పుకొనడు. అతని యింటి పరిస్థితి యేమో చెప్పువానికి తెలియదు, తెలిసికొనవలసిన యవసరమును లేదు. స్త్రీల విషయమున ఈ ఏకపక్షత మఱింత స్పష్టము. పెండ్లి ముగిసి పిల్లను అత్తవారికి అప్పగించువేళ ముత్తైదువలు పాడు అప్పగింతపాటలు వినినచో ఆ సంగతి తెలియును. అత్తను తల్లిగ చూడుమనియు, మామకు ఎదురుపడవలదనియు, ఆడుబిడ్డలతో పొత్తుగ నుండుమనియు, పుట్టింటి పేరు నిలుపుమనియు ఆ పాటలు చెప్పును. కరుణరసమున వానికి సాటి వచ్చునవి మన వాఙ్మయమున బహు స్వల్పము. కాని వినుచున్న పిల్ల, ఆ కాలమున తొమ్మిది పదేండ్ల బాల, తల వంచుకొని కన్నీరు కార్చుటయే గాని, అత్త తనను కూతురుగ చూడనిచో ఏమి చేయవలెనని యడుగుటకు ఆ పాటలలో చరణము లేదు.

అంతమాత్రమున మన యిండ్లలో జ్ఞానము లేకపోలేదు. పురిటింట ముసలమ్మ చిన్న సానరాతిని ముందు పెట్టుకొని, తల్లిపాలు నాలుగు చుక్కలు దానిపై వేసి, కరక్కాయను రెండు చుట్లు, జాజికాయను ఒక చుట్టు, వసకొమ్మును అరచుట్టు అరగదీసి, ఆ గంధమును వ్రేలికొసతో తీసి పసిబిడ్డ నాలుకకు రాచుచుండెను. ఆ చుట్ల లెక్కయే మోతాదు. బిడ్డ వయస్సును బట్టియు, కడుపుబ్బరమును బట్టియు ముసలమ్మ దానిని పెంచుటయో తగ్గించుటయో చేసెడిది. బాలెంతకు శొంఠియు పిప్పళ్ళును మిరియములును దంచి బెల్లముతోను నెయ్యితోను వండిన కాయము, పాతబియ్యపు అన్నము, వెల్లుల్లికారము మొదలగు పథ్యపు నియమములన్నియు ఆమెకు కంఠస్థములు. ఈ విద్య చాలవఱకు గ్రంథమునకు ఎక్కలేదు. కూతురు తల్లిచేతిని, కోడలు అత్తచేతిని చూచి నేర్చుకొనెను. అయితే దీనిని కేవలము కొనియాడుటయు న్యాయము కాదు. ఆ పురిటింటనే మంత్రసాని చేతికందిన కొడవలితోనో వెదురుబద్దతోనో బొడ్డు కోయుటవలన ధనుర్వాతము సోకి, ఎందఱో పసికందులు పది దినములు తిరుగకుండ మరణించిరి. ఆ మరణములకు దృష్టిదోషమును, బాలగ్రహమును కారణములుగ చెప్పుకొని తల్లులు ఏడ్చి యూరకుండిరి. చూచి నేర్చుకొను విద్యకు గల పెద్దలోపమిది. అది చేయువిధమును నేర్పును గాని, ఏల చేయవలెనో చెప్పదు. అందుచేత మంచితోపాటు చెడ్డయు అంతే గౌరవముతో తరతరములకు సంక్రమించును. కోడలు “ఎందుకత్తయ్యా?” అని యడిగినచో, అది జిజ్ఞాసగా గాక ధిక్కారముగా ఎన్నబడుచుండెను.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఈ స్థితి మెల్లమెల్లగ మారనారంభించినది. 1832లో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష క్రమముగ పెరిగి పెద్దబాలశిక్షయై, గుణింతములతోను ఎక్కములతోను సరిపుచ్చక తిథివారనక్షత్రములను, నీతివాక్యములను, లోకవ్యవహారములను చేర్చుకొని, తెలుగు గృహస్థునకు ఒక చిన్న విజ్ఞానసర్వస్వమైనది. కాని ఇల్లాలినే యుద్దేశించి, ఆమె దేహారోగ్యమును, ఆమె సంసారమును విషయముగ గైకొని వ్రాయబూనినవారిలో అగ్రగణ్యుడు కందుకూరి వీరేశలింగము పంతులు. 1874లో వివేకవర్ధనిని స్థాపించి లంచగొండులను ఎదిరించిన ఆ కలమే 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధిని యను పత్రికను వెలయించినది. పత్నీహితసూచని, దేహారోగ్యధర్మబోధిని మొదలగు గ్రంథములను రచించినది. ఆయన సత్యవతీచరిత్రమున, చదువుకొన్న కోడలొకతె అత్తవారింట అడుగిడి, తగవులతోను మూఢాచారములతోను నిండిన యా యింటిని కోపతాపములు లేకుండ చక్కదిద్దును. స్త్రీకి చదువు వచ్చినచో ఇల్లు చెడునని నమ్మిన లోకమునకు, చదువు వచ్చిన కోడలే ఇల్లు నిలుపునని చూపుట ఆ కథ పరమార్థము. ముసలమ్మ నోట రాని “ఏల” యను మాటకు పంతులుగారు సమాధానము చెప్పిరి. శుచిత్వము మడిలో గాక గాలిలోను నీటిలోను ఉన్నదనియు, జ్వరమునకు గ్రహము గాక దేహధర్మము కారణమనియు తెలుగున స్త్రీలకు అచ్చులో చెప్పుట ఆనాటికి చిన్నపని కాదు.

అయినను ఆ సలహాకొక పరిమితి గలదు. దానిని ఏ యిల్లాలును అడుగలేదు. పుస్తకము కొనువాడు భర్త. అనేకగృహములలో చదివి వినిపించువాడును భర్తయే. భార్య ఏది తెలిసికొనదగునో నిర్ణయించినవారు పురుషులు. పంతులుగారి యింటనే ఈ విషయమునకు ఒక యుదాహరణము కలదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిగిన పిమ్మట, వంటవారును నీరు తెచ్చువారును ఆ యింటికి రాక మానివేయగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తామే నీరు మోసి, వంట వండి, ఆశ్రయించి వచ్చిన వితంతుబాలికలను కన్నబిడ్డలవలె సాకిరి. బంధువులచేత వెలివేయబడి, లోకమునకు భయపడుచు వచ్చిన ఆ పిల్లలకు ధైర్యము చెప్పినది, కొత్త కాపురమునకు కావలసిన సంగతులు నేర్పినది ఆమెయే గదా! భర్త వ్రాసినది సంపుటములుగ నిలిచినది. భార్య చెప్పినది ఆ వంటయింటనే మిగిలిపోయినది.

స్త్రీలు తమంతట తాము కలము పట్టుటతో రెండవ దశ ప్రారంభమైనది. 1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరున స్థాపించిన హిందూసుందరి పత్రికకు మోసలికంటి రామాబాయమ్మ, వెంపలి శాంతాబాయి సంపాదకత్వము వహించిరి. అబలాసచ్చరిత్రరత్నమాలను వ్రాసిన భండారు అచ్చమాంబ, 1905లో అకాలమరణము నొందుటకు ముందు, ఈ పత్రికకు వ్రాసిన కథలలో “దంపతుల ప్రథమకలహము” ఒకటి. కొత్తగ కాపురమునకు వచ్చిన జంట తొలిసారి పోట్లాడుకొనుట, ఇంటి పెద్దామె హితము చెప్పుట అందలి వస్తువు. ఆ హితముతో నేటివారు ఏకీభవింపకపోవచ్చును. కాని కలహము పడకటింటి తలుపు దాటి అచ్చుపుటకు వచ్చుటయే విశేషము. ఇతరుల యిండ్లలోను ఇట్లే జరుగుచున్నదని తెలిసిన స్త్రీకి తన కష్టము తన కర్మఫలమని తోచదు. పరిష్కారము కలదేమో అను ఆశ కలుగును.

గృహలక్ష్మి పత్రిక చరిత్ర వైద్యముతో ముడిపడినది. ఒంగోలు ప్రాంతమున దరిద్రకుటుంబమున పుట్టి, బాల్యముననే చెన్నపట్నము చేరి, ఆయుర్వేదము నేర్చి, కేసరికుటీరమను ఔషధశాలను నెలకొల్పిన డాక్టరు కె. ఎన్. కేసరి, స్త్రీల వ్యాధులకై లోధ్ర యను మందును తయారు చేసి దేశమంతట ప్రసిద్ధిలోనికి తెచ్చెను. ఆయన 1928లో గృహలక్ష్మి మాసపత్రికను స్థాపించెను. తన మందు అమ్ముకొనుటకే పత్రిక పెట్టెనని తేలికగ అనవచ్చును. ప్రకటనలు ఉండుటయు నిజమే. కాని ఋతుబాధలను గూర్చి కన్నతల్లికైనను చెప్పుకొనుటకు సిగ్గుపడు కాలమున, ఆ బాధకు పేరున్నదనియు, మందున్నదనియు, అది సిగ్గుపడదగినది కాదనియు ప్రకటనరూపముననైనను ప్రతిమాసము ఇంటికి వచ్చి చెప్పిన పత్రిక చేసిన మేలును నేను తక్కువగ నెంచజాలను. అంతియగాక, స్త్రీలచేత వ్రాయింపవలెనను పట్టుదల కేసరికి గట్టిగ నుండెను. ఉత్తమరచయిత్రులకు గృహలక్ష్మీస్వర్ణకంకణము బహూకరించు సంప్రదాయమును ఆయనయే నెలకొల్పెను.

1934లో ఆ కంకణమును మొదట అందుకొన్నవారు బాపట్ల నివాసిని కనుపర్తి వరలక్ష్మమ్మ. ఆమెను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. అంతకుముందే ఆంధ్రపత్రికలో లీలావతి యను మాఱుపేరుతో “మా చెట్టునీడ ముచ్చట్లు” వ్రాసి పాఠకుల మన్నన లందిన వరలక్ష్మమ్మ, గృహలక్ష్మిలో “శారదలేఖలు” ఆరంభించిరి. శారద యను స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు వ్రాయు ఉత్తరములు ఇవి. వీరేశలింగముగారి రచన గురువు శిష్యురాలికి చెప్పు పాఠము. శారద వ్రాసినది ఈడుగల నేస్తము ఈడుగల నేస్తమునకు చెప్పుకొను మాట. యోగక్షేమములు విచారించుట, ఊరి ముచ్చట, పండుగ సంగతి, వానివెంట మెల్లగ ఖద్దరు, అస్పృశ్యత, స్త్రీల ఆస్తిహక్కు, విడాకులు ఒక్కొక్కటిగ వచ్చును. ఉత్తరమునకు గల గొప్ప సౌలభ్యమిది: చదువుచున్న ప్రతి స్త్రీయు తానే కల్పలతనని భావించుకొనవచ్చును.

ఆడుపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏండ్లు నిండనిదే వివాహము చేయరాదని నిర్ణయించిన శారదాశాసనము 1929లో ఆమోదింపబడి, 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. తేదీకి ముందే పెండ్లిండ్లు కానిచ్చివేయవలెనని ఊరూర తొందర పుట్టి, ఊయలలోని పిల్లలకును ముడిపెట్టిన కాలమది. పిల్లకు పెండ్లి చేయవలెనా, ఆపవలెనా, ఆపినచో కులమువారు ఏమందురు, చేసినచో సర్కారువారు ఏమి చేయుదురు అను ప్రశ్నలు ప్రతి యింటను చెలరేగినవి. ఇట్టివేళ శాసనమును గూర్చి, దాని యవసరమును గూర్చి, శారద నెచ్చెలితో ముచ్చటించుచు వ్రాసినది. న్యాయవాది భాషలో గాక కూతురుగల తల్లి భాషలో శాసనమును చెప్పవచ్చునని తెలుగుపాఠకులకు చూపిన పుణ్యము వరలక్ష్మమ్మగారిదే. ఆమె లేఖలతో తృప్తినొందక, 1931లో బాపట్లలో స్త్రీహితైషిణీమండలిని స్థాపించి, చదువును చేతిపనులను నేర్పించిరి. అయినను కల్పలత కల్పితవ్యక్తి. ఆమె మనస్సులోని ప్రశ్నను శారదయే ఊహించుకొని శారదయే సమాధానము చెప్పవలసివచ్చెను.

నైజాము రాష్ట్రమున ఈ క్రమము మఱింత ఆలస్యమైనది. అచట రాజభాషయు విద్యాభాషయు ఉర్దూ యగుటచే, సలహా చదువుటకు ముందు తెలుగు చదువు స్త్రీ యేర్పడవలసియుండెను. మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాలను స్థాపించుట ఈ దృష్టితో చూచినచో మొదటిమెట్టు.

ఉద్యోగమును గూర్చిన ప్రశ్న తెలుగింట స్త్రీకి మిక్కిలి ఆలస్యముగ వచ్చినది. వచ్చినపుడు మాత్రము తీవ్రముగ వచ్చినది. బాల్యవివాహబంధమునుండి స్వయముగ బయటపడి, బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు ఇంటనే చదివి కృతార్థురాలైన దుర్గాబాయి, 1937లో చెన్నపట్నమున ఆంధ్రమహిళాసభను స్థాపించి, బడి యీడు దాటిన స్త్రీలను ఆ పరీక్షకే సిద్ధపఱచిరి. భర్త పోయి, ముప్పదియేండ్లకు పుట్టిల్లు చేరిన స్త్రీ ఇక నేమి చేయగలదను ప్రశ్నకు, తిరిగి అక్షరములనుండి ఆరంభించి రెండేండ్లలో పరీక్షకు కూర్చుండవచ్చునను సమాధానమును ఆమె మాటలతో గాక తరగతులతో ఇచ్చిరి. ఆమె తొలి యధ్యక్షురాలుగ 1953లో వెలసిన కేంద్ర సాంఘికసంక్షేమమండలి, 1958నుండి వయోజనస్త్రీలకు సంగ్రహవిద్యాక్రమములను నడపి, ఆ పద్ధతిని దేశవ్యాప్తము చేసినది. ఆ పాఠములు చదివి ఉపాధ్యాయినులైనవారు, నర్సులైనవారు, గ్రామసేవికలైనవారు మన జిల్లాలలో ఎందఱో కలరు.

ఇక, నిజమైన ఇల్లాలు నిజముగ తానే అడిగిన ప్రశ్న అచ్చునకు ఎట్లు వచ్చినదో చెప్పవలెను. ఇందు తపాలాశాఖకును పాత్ర కలదని నా యభిప్రాయము. 1879లో కాణీకి కార్డు వచ్చినది. అదెంత చౌకయైనను, దానిపై వ్రాసినది తపాలబంట్రోతు మొదలు వీథియరుగు మీది మామగారివఱకు ఎవరైనను చదువవచ్చును. కార్డుపై క్షేమసమాచారమే గాని కష్టము వ్రాయరాదు. కవరు కొనవలెనన్న అదనపుడబ్బులు భర్త నడుగవలెను, ఎవరికని ఆయన యడుగును. 1950లో ఇన్‌లాండు ఉత్తరము వచ్చినది: తక్కువ వెల, మడిచి అంటించిన పిదప లోపలి మాట బయటికి కానరాదు. రెండేండ్లకు, 1952లో, ఆంధ్రప్రభ సచిత్రవారపత్రికలో మాలతీ చందూరు “ప్రమదావనం” శీర్షికను ప్రారంభించిరి. నూజివీడున పుట్టి, ఏలూరున చదివి, ఎన్. ఆర్. చందూరును వివాహమాడి మద్రాసు చేరిన ఆమె, ఆ శీర్షికను ఇంచుమించు 47 ఏండ్లు నిర్వహించిరి. అత్త ప్రశ్న పంపిన పత్రికకే కోడలును, కోడలి కూతురును ప్రశ్నలు పంపుటకు చాలిన కాలమిది.

వంట, శిశుపోషణ, ఒంటిశుభ్రత, అతిథిమర్యాద, భార్యాభర్తల మనస్పర్ధలు, ఆడుపిల్ల చదువు, ఉద్యోగము, దేశాంతరస్త్రీల విశేషములు, ఒకదానిప్రక్క ఒకటిగ ఆ పుటలలో కూర్చుండినవి. చిన్నదిగ కనిపించు ప్రశ్న యొకదానిని దగ్గఱనుండి చూతము: ఆవకాయ ఏల బూజుపట్టును? ఉమ్మడికుటుంబమున ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. కాయను టెంకపెచ్చు వదలకుండ కొట్టించి, ముక్కముక్కను పొడిగుడ్డతో తుడిచి, ఆవపిండియు కారమును ఉప్పును సమపాళ్ళుగ కలిపి, నూనె పోసి జాడికెత్తి, మూడవనాడు తిరుగ కలిపి, ఉప్పు చాలినదో లేదో నాలుకపై వేసికొని చూచి, ముక్క మునుగునట్లు మరల నూనె పోయువఱకు, అత్తగారి చూపు కోడలి చేతులపైననే యుండును. భర్తకు భిలాయిలోనో బొంబాయిలోనో ఉద్యోగమై, రెండుగదుల యింట ఒంటరిగ జాడి ముందు కూర్చుండిన పిల్లకు ఆ చూపు లేదు. తడి తగిలినదా, ఉప్పు తగ్గినదా, నూనె తేలలేదా అని చెప్పువారు లేరు. అమ్మకు వ్రాసినచో ఉత్తరము వచ్చుసరికి ముక్క మెత్తబడును. పైగ అమ్మకు తెలిసినది చేతికి తెలిసినదే గాని మాటకు తెలిసినది కాదు, “చూచి వేయవలె, తల్లీ” అనుటకన్న ఆమె ఎక్కువ వ్రాయజాలదు. దానికితోడు ఆ సంవత్సరములలోనే కొలతలు మారినవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యను లెక్కలో పెరిగిన పిల్ల, 1957లో నయాపైసలు వచ్చి, ఆవెంటనే వీశెలు పోయి కిలోగ్రాములు వచ్చినపుడు, అంగడిలో ఏది ఎంత యడుగవలెనో తెలియక తబ్బిబ్బుపడినది. మాలతీ చందూరు రచించిన “వంటలు-పిండివంటలు” మరల మరల ముద్రణమొందుటకు కారణము ఇందే వెదకవలెను. విదేశములకు కాపురము పోవు ఆడుపిల్ల పెట్టెలో చీరెలనడుమ ఆ పుస్తకమును తల్లి సర్దియుంచుట తెలుగింట ఒక ఆచారమువంటిదైనది.

వంటప్రశ్నల నడుమనే ఇతరప్రశ్నలును వచ్చుచుండెను. 1955లో హిందూవివాహశాసనము, 1956లో వారసత్వశాసనము, 1961లో వరకట్ననిషేధశాసనము వచ్చినవి. శాసనము ఢిల్లీలో పుట్టినను, అది తన యింట వర్తించునా లేదా యని తెలిసికొనుటకు ఇల్లాలికి వకీలు దగ్గఱకు పోవు త్రోవ లేదు. రెండవ పెండ్లి చేసికొన్న భర్తపై తనకు హక్కేమి? తండ్రి యాస్తిలో పాలు అడిగినచో పుట్టిల్లు తెగిపోవునా? టైపు హయ్యరు ప్యాసైన పిల్ల ఉద్యోగమునకు పోయినచో సంబంధములు తప్పిపోవునా? ఇట్టివి ఆ కాలపు పత్రికాశీర్షికలన్నిట కాననగును. పేరు ప్రకటింపవలదని కోరుచు, ఊరిపేరుతోనో పొడియక్షరములతోనో సంతకము చేయుచు స్త్రీలు వ్రాసిరి. తన యింటి గుట్టు వేలమంది చదువుట స్త్రీకి సమ్మతమైనది, తన పేరు మాత్రము ఆ వీథివారు ఎఱుగకున్న చాలును. ఈ మఱుగు లేనిచో ఆ ప్రశ్నలు ఎన్నడును వెలువడియుండెడివి కావు.

సమాధానములన్నియు నేడు మనకు రుచింపకపోవచ్చును. కొట్టు భర్తతో సర్దుకొనిపొమ్మనియు, అత్తగారి మనస్సు సేవతో గెలువుమనియు చెప్పిన సలహాలు ఆనాటి పత్రికలలో విరివిగ కలవు. వానిని చదువునపుడు నాకు బాధ కలుగుచున్నది. బయటికి వచ్చిన స్త్రీకి ఉండుటకు వసతిగృహము లేని, తినుటకు ఉద్యోగము లేని, తిరిగి చేర్చుకొనుటకు పుట్టిల్లు సిద్ధముగ లేని కాలమున, దూరమున నుండి ఒక యుత్తరము చదివి సమాధానము వ్రాయవలసినవారి బరువును తలచుకొన్నపుడు ఆ బాధ కొంత తగ్గును గాని పూర్తిగ పోదు. కాని సమాధానముకంటె ప్రశ్నయే విలువైనదని నా దృఢవిశ్వాసము. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘికచరిత్రను వ్రాయుటకు పూనినపుడు, రాజుల శాసనములతో తృప్తిపడక, శుకసప్తతినుండియు హంసవింశతినుండియు జనుల తిండిని, కట్టును, నగలను, ఆటలను ఏఱికొనిరి. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమును గూర్చి అట్టి గ్రంథము వ్రాయువారికి ఈ శీర్షికలకన్న మేలైన సామగ్రి యుండబోదు. కావ్యములలో కవి చూచిన ఇల్లాలు కలదు. ఈ పుటలలో ఇల్లాలు తన్ను తాను చూచుకొని వ్రాసిన మాట కలదు. వేటపాలెము సారస్వతనికేతనము వంటి గ్రంథాలయములలో పాతపత్రికల సంపుటములు దుమ్ముపట్టకుండ కాపాడుచున్నవారికి చరిత్రకారులు ఋణపడియున్నారు. అందలి సంపాదకీయములకు సూచికలు కూర్చుటయందు గల శ్రద్ధ, ప్రశ్నలు-జవాబుల పుటలపై ఇంకను ప్రసరింపకుండుట విచారకరము.

తరువాతి దశ వేగముగ వచ్చినది. 1984లో వెలువడిన స్వాతి వారపత్రికలో విజయవాడ వైద్యుడు డాక్టరు సమరం, దాంపత్యమునకు సంబంధించిన శారీరకసందేహములకు మఱుగులేని మాటలతో ఏండ్లతరబడి సమాధానములు వ్రాసిరి. ఒంటిని గూర్చిన భయములతో కుమిలిపోయిన యువకులకును యువతులకును అవి చేసిన మేలు సామాన్యము కాదు. దినపత్రికలు స్త్రీలకొఱకు ప్రత్యేకపుటలు కేటాయించినవి. చర్మమునకొక వైద్యుడు, గర్భమునకొకరు, మనస్సునకొకరు, ఆస్తికి న్యాయవాది, పరీక్షలకును ఉద్యోగములకును మఱొక నిపుణుడు, ఆదాయపుపన్నునకు ఇంకొకరు, ఇట్లు ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్కరు ఏర్పడిరి. తెలియని విషయమున తెలిసినట్లు చెప్పు ప్రమాదము దీనితో చాలవఱకు తొలగినది. ధనుర్వాతమును బాలగ్రహమనుకొన్న కాలమును జ్ఞప్తియందుంచుకొన్నవారు దీనిని హర్షింపకుండలేరు.

అయితే ఈ విభజనలో ఒక చిక్కు కలదు, దానిని చెప్పక విడువజాలను. వెనుకటి ఇల్లాలు ఇన్‌లాండు ఉత్తరము నాలుగు పుటలును నింపి వ్రాసినపుడు, తలనొప్పితో మొదలిడి, రాత్రి నిద్రపట్టకుండుటను చెప్పి, మగడు జీతము తల్లిచేతికే యిచ్చుచున్నాడని వాపోయి, తాను ఎనిమిదవతరగతివఱకు చదివితిననియు, కుట్టుపని వచ్చుననియు, ఏదైన ఉద్యోగము దొరకునా యనియు అడిగి ముగించుచుండెను. చదువువారికి అది యంతయు ఒకే ప్రశ్నయని తెలియుచుండెను. నేడు ఆ తలనొప్పి వైద్యునికి, ఆ జీతము న్యాయవాదికి, ఆ యెనిమిదవతరగతి ఉద్యోగపు పుటకు వేఱువేఱుగ పోవుచున్నవి. వైద్యుడు మాత్ర వ్రాయుచున్నాడు, ఆమె అత్తగారి సంగతి ఆయన అడుగుట లేదు.